వర్చువల్‌బాక్స్ బీటాలు: కొన్నేళ్లు వాడాక నా మాట

వర్చువల్‌బాక్స్ అంటే ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని (వర్చువల్ మెషీన్) నడిపించే ప్రోగ్రామ్. దాని 7.0 వెర్షన్ కాలం నుంచి బీటాలు, అంటే అసలు విడుదలకు ముందు పరీక్ష కోసం ఇచ్చే వెర్షన్లు, వాడుతున్నాను. ఇంకో కంప్యూటర్ ఖాళీగా ఉన్నవాళ్లు తప్పకుండా వేసి చూడండి. ఉన్న ఒక్కదాని మీదే పని నడిచేవాళ్లు మాత్రం కనీసం రిలీజ్ క్యాండిడేట్ (విడుదలకు దాదాపు సిద్ధమైన వెర్షన్) వచ్చేదాకా ఆగడం మంచిది.

2022లో నన్ను బీటా వైపు లాగింది వర్చువల్ టీపీఎం (సెక్యూరిటీ చిప్‌కి సాఫ్ట్‌వేర్ రూపం), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సిస్టమ్‌నే స్టార్ట్ కానిచ్చే రక్షణ). విండోస్ 11 ఈ రెండూ అడుగుతుంది. పాత 6.1 వెర్షన్‌లో విండోస్ సెట్టింగ్స్ ఉండే రిజిస్ట్రీలో ఏవేవో మార్చి ఇన్‌స్టాలర్‌ని దాటించాల్సి వచ్చేది. 7.0 బీటాలో ఆ తిప్పలు లేకుండా మామూలుగా ఎక్కేసింది. ఆ రోజు కలిగిన ఉత్సాహం ఇప్పటికీ తగ్గలేదు.

బీటా వేసే ముందు గెస్ట్‌లన్నీ (లోపల నడిచే సిస్టమ్‌లు) పూర్తిగా షట్‌డౌన్ చేయండి, సేవ్ చేసి వదిలేయకండి. సేవ్డ్ స్టేట్‌లో మెమరీతో పాటు వర్చువల్ పరికరాల లోపలి స్థితి కూడా ఉంటుంది. కొత్త వెర్షన్‌లో ఆ పరికరం కోడ్ మారితే, పాత స్థితి తెరుచుకోకపోవచ్చు. సెట్టింగ్స్ ఫైల్ కూడా కొత్త ఫార్మాట్‌లోకి మారిపోతే వెనక్కి వెళ్లడం కష్టం. స్నాప్‌షాట్ (మెషీన్ ఒక క్షణంలో ఉన్న స్థితిని దాచుకున్నది) ఉంది కదా అని ధీమా వద్దు, అదీ ఆ మెషీన్ మీదే ఆధారపడి ఉంటుంది. మెషీన్ ఫోల్డర్ మొత్తం వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుంటేనే టెన్షన్ ఉండదు.

అదనపు సౌకర్యాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ కూడా అదే బీటాది వేయాలి. గెస్ట్ అడిషన్స్‌ని (గెస్ట్ లోపల వేసే డ్రైవర్లు, టూల్స్) మాత్రం వెంటనే మార్చను. ముందు పాతవాటితోనే కొన్నాళ్లు నడిపి, తర్వాత కొత్తవి వేస్తాను. వర్చువల్‌బాక్స్, అడిషన్స్ రెండూ ఒకేసారి మారిస్తే, స్క్రీన్ నల్లబడినప్పుడు తప్పు ఎటువైపు ఉందో తేలదు.

ఇక లాగ్, అంటే మెషీన్ నడుస్తున్నప్పుడు ఏం జరిగిందో రాసి ఉండే ఫైల్. టెస్టింగ్‌లో సగం పని ఇదే. మెషీన్ ఫోల్డర్‌లోని లాగ్స్‌లో వీబాక్స్ డాట్ లాగ్ అనే ఫైల్ ఉంటుంది. మామూలుగా దానితో పాటు అంతకు ముందువి మూడే మిగులుతాయి. క్రాష్ అయ్యాక కంగారులో మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తూ పోతే అసలు సాక్ష్యమే చెరిగిపోతుంది. అందుకే ఆగిపోగానే ముందు ఆ ఫైల్‌ని పక్కన పెట్టుకుంటాను. దాన్ని చదవడం కింద నుంచి మొదలుపెట్టకూడదు. చివర్లో కనిపించేదంతా మెషీన్ ఆగిపోతూ కక్కిన వివరాలే. పైనుంచి వస్తూ 'వెర్' (VERR) అక్షరాలతో మొదలయ్యే మొదటి ఎర్రర్ కోడ్ పట్టుకోవాలి. ఒక బీటాలో నా లైనక్స్ గెస్ట్ విండో సైజు మార్చగానే బిగుసుకుపోయేది. గ్రాఫిక్స్ కంట్రోలర్ సెట్టింగ్ అలాగే ఉంచి త్రీడీ సెట్టింగ్ ఒక్కటి ఆపితే ఆ బిగుసుకుపోవడం పోయింది. ఆ ఒక్క తేడా, రెండు లాగ్‌లు జతచేసి డెవలపర్లకు పంపాను. 'పనిచేయట్లేదు' అని రాసేదానికీ దీనికీ అవతల చదివేవాళ్లకు పడే శ్రమలో చాలా తేడా ఉంటుంది.

అన్ని ప్రివ్యూలకూ (ముందస్తు వెర్షన్లకు) ఒకే వెల కట్టలేం. 7.0తో ఆపిల్ చిప్ మ్యాక్‌లకు వచ్చింది డెవలపర్ ప్రివ్యూ మాత్రమే, రోజువారీ పనికి దాన్ని నమ్ముకునే పరిస్థితి ఉండేది కాదు. 2024లో 7.1 వచ్చేసరికి ఆ మ్యాక్‌ల మీద ఆర్మ్ గెస్ట్‌లు (ఆ రకం చిప్ కోసమే చేసిన సిస్టమ్‌లు) నడపడం అసలు విడుదలలోనే చేరింది. నేను మాత్రం ప్రతి బీటానూ ముందు పాత లైనక్స్ గెస్ట్ మీదే పరీక్షిస్తాను. కొత్త ఫీచర్లను చూసేవాళ్లు చాలామందే ఉంటారు, పాతది చెడిపోలేదని చూసేవాళ్లే తక్కువ.