ర్యామ్ పెంచాక కంప్యూటర్ మొరాయిస్తోందా? మెమ్‌టెస్ట్86 ప్లస్ రివ్యూ

కొత్త కంప్యూటర్ ఇంటికి రాగానే విండోస్ అప్‌డేట్లు వరసపెట్టి దిగుతాయి. వాటి వెంటే గ్రాఫిక్స్ డ్రైవర్ మారుతుంది, ఒక్కోసారి బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) కూడా మారుతుంది. ఈలోగా 8 జీబీ సరిపోవడం లేదని ఇంకో ర్యామ్ స్టిక్ వేయిస్తారు. ఆ తర్వాత బ్లూ స్క్రీన్లు మొదలైతే తప్పు దేనిదో అంత తేలిగ్గా తేలదు. ఎక్కువమంది చేసే పని విండోస్ మళ్లీ ఎక్కించడం. అది ముందు చేయాల్సిన పని కాదు. ర్యామ్‌లో ఒక్క బిట్ తప్పుగా నిలిచినా డిస్క్ మీదికి వెళ్లే అప్‌డేట్ ఫైళ్లు పాడవొచ్చు. అలాంటి మెషీన్‌లో ఎక్కించిన కొత్త విండోస్ కూడా పాడై ఉండొచ్చు. కాబట్టి ముందు ర్యామ్ సంగతి తేల్చాలి. ఆ పనికి ఉచితంగా దొరికే ప్రోగ్రాంలలో మొదటి ఓటు మెమ్‌టెస్ట్86 ప్లస్‌కే.

దీని మూలం 1994లో క్రిస్ బ్రాడీ రాసిన మెమ్‌టెస్ట్86. దాని ఓపెన్ సోర్స్ కోడ్ ఆధారంగా 2004లో ప్లస్ మొదలైంది. 2013 తర్వాత చాలాకాలం పెద్దగా కదలిక లేదు. 2022 అక్టోబరులో వచ్చిన 6.00 వెర్షన్‌లో యూఈఎఫ్ఐ (ఇప్పటి మెషీన్లలో ఉండే కొత్త తరం బయోస్), డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) సపోర్ట్ కలిపి కొత్తగా రాశారు. పాత సీడీల్లో, పాత పెన్‌డ్రైవ్‌లలో ఉన్న 5.01 వెర్షన్ ఇప్పటి మెషీన్లకు పనికిరాదు. అది బూట్ కాలేదని ర్యామ్‌ను అనుమానించకండి.

విండోస్ నడుస్తున్నప్పుడు ర్యామ్‌లో కొంత భాగాన్ని విండోసే ఆక్రమించుకుంటుంది. లోపలి నుంచి నడిచే ప్రోగ్రాం ఆ భాగాన్ని ముట్టుకోలేదు. మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ అవుతుంది కాబట్టి దాదాపు మొత్తం ర్యామ్‌ను పరీక్షిస్తుంది. అధికారిక సైట్‌లో విండోస్ కోసం యూఎస్‌బీ ఇన్‌స్టాలర్ ఉంది. ఖాళీ పెన్‌డ్రైవ్ పెట్టి దాన్ని నడిపితే చాలు. ఎంత చిన్న పెన్‌డ్రైవ్ అయినా సరిపోతుంది, కానీ అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది.

బూట్ చేసే ముందు ఒక జాగ్రత్త తప్పనిసరి. బూట్ కాకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్ (గుర్తింపు సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్ కానివ్వని రక్షణ) ఆపాల్సి వస్తుంది. ఇప్పటి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్‌లోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ముందే ఆన్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ మార్చగానే, బయోస్ అప్‌డేట్ చేయగానే అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే ఫోన్‌లో తెరిచి చూసుకుని కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాతే బయోస్ ముట్టుకోండి. కీ దొరకకపోతే డిస్క్‌లో ఉన్న డేటా చేజారిపోవచ్చు.

పరీక్ష మొదలయ్యాక పైన ప్రాసెసర్, ర్యామ్ వేగం, స్టిక్‌ల వివరాలు కనిపిస్తాయి. ఆ వివరాలు ఒకసారి పరీక్షగా చూడండి. 5600 అని కొన్న స్టిక్ 4800 మీద నడుస్తుండవచ్చు, లేదా రెండు స్టిక్‌లు పెడితే ఒకటే కనిపిస్తుండవచ్చు. పరీక్షలు 0 నుంచి 10 వరకు మొత్తం 11. అన్నీ ఒకసారి పూర్తయితే ఒక పాస్. ఒక్క పాస్‌తో ఆపేయకండి. మదర్‌బోర్డు వేడెక్కాకే బయటపడే తప్పులు ఉంటాయి, మన ఎండాకాలంలో ఇంకానూ. రాత్రి పెట్టి పొద్దున చూడటం మంచిది, కనీసం నాలుగు పాస్‌లు కావాలి. కరెంటు పోయే చోట యూపీఎస్ మీద నడపండి.

ఎర్రర్ల సంఖ్య సున్నా ఉండాలి. ఒక్కటి వచ్చినా తప్పే, "ఒకటే కదా" అనుకోవద్దు. కానీ ఎర్రర్ వచ్చినంత మాత్రాన స్టిక్ పాడైనట్టు కాదు. ఆ సంగతి ఈ టూల్ చెప్పదు, మనమే తేల్చుకోవాలి.

మొదట బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ (ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆపి మళ్లీ పరీక్షించండి. ఎర్రర్లు పోతే స్టిక్ మామూలు వేగంలో బాగానే ఉన్నట్టు. పెంచిన వేగం ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌కో బోర్డుకో సరిపడటం లేదు. వేగం ఒక మెట్టు తగ్గించి వాడుకోవచ్చు. నాలుగు స్టిక్‌లు వేసినవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఏఎండీ రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు రెండు డీడీఆర్5 స్టిక్‌లతో 5200 వరకు కంపెనీ హామీ ఇస్తే, నాలుగింటితో 3600 మాత్రమే. నాలుగు స్టిక్‌లూ 6000లో నడవలేదంటే అది లోపం కాదు. 32 జీబీ కావాలంటే రెండు 16లు కొనండి, నాలుగు 8లు కాదు.

ప్రొఫైల్ ఆపినా ఎర్రర్లు వస్తే ఒక్క స్టిక్‌తోనే నడపండి. చాలా డెస్క్‌టాప్ బోర్డుల్లో ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాట్, అంటే ఏ2, ఒక్క స్టిక్‌కు సరైన చోటు. అదే స్లాట్‌లో ఒక్కో స్టిక్‌నూ విడివిడిగా పరీక్షించండి. ఎర్రర్ ఒకే స్టిక్ వెంట వస్తే ఆ స్టిక్ పోయింది. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో వస్తే బోర్డుదో, ప్రాసెసర్ సాకెట్‌దో తప్పు. విడివిడిగా అన్నీ బాగుండి కలిపితేనే వస్తే, కొత్త స్టిక్, పాత స్టిక్ ఒకదానికొకటి పొసగడం లేదు. కంపెనీ ఒకటే, మోడల్ ఒకటే అయినా లోపలి చిప్‌లు వేరుగా ఉండొచ్చు. అందుకే కిట్‌గా ప్యాక్ చేసిన జత కొనడం మేలు.

వీటన్నిటికంటే ముందు, స్టిక్ సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. చాలా కొత్త బోర్డుల్లో స్లాట్‌కు ఒక వైపే క్లిప్ ఉంటుంది. ఆ వైపు టక్‌మని పడగానే పని అయిపోయిందనుకుంటారు. క్లిప్ లేని రెండో కొస అర మిల్లీమీటరు పైకే ఉండిపోతుంది. పక్క నుంచి టార్చ్ వేసి చూస్తే బంగారు రంగు గీత ఒక కొసన సన్నగా, ఇంకో కొసన మందంగా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ అయితే స్టిక్‌ను దాదాపు 30 డిగ్రీల వాలుగా లోపలికి పూర్తిగా నెట్టి, ఆ తర్వాతే కిందికి నొక్కాలి. పవర్ తీసేసి, ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి చేయాల్సిన పని ఇది. డీడీఆర్5 బోర్డు కొత్త స్టిక్‌తో మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనే ఉండొచ్చు. బోర్డు ర్యామ్ టైమింగ్‌లు సరిచూసుకుంటోంది. మధ్యలో స్విచ్ ఆపకండి.

విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ సంగతేమిటి? డౌన్‌లోడ్ అక్కర్లేదు, బిట్‌లాకర్ గొడవ లేదు. ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకుంటే కాస్త గట్టిగానే పరీక్షిస్తుంది. పూర్తిగా చెడిపోయిన స్టిక్‌ను పట్టేస్తుంది, అప్పుడప్పుడూ తప్పే స్టిక్‌ను వదిలేస్తుంది. దాని "ఎర్రర్లు లేవు" మాటను చివరి మాటగా తీసుకోవద్దు. పాస్‌మార్క్ వాళ్ల మెమ్‌టెస్ట్86 ఇప్పుడు వేరే సాఫ్ట్‌వేర్, మూలం మాత్రం రెండింటికీ బ్రాడీ రాసిన మెమ్‌టెస్ట్86యే. అది సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా నడుస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్ వాళ్లకు సుఖం. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లకే ఆగుతుంది, అది చాలు. అందులో 13వ పరీక్ష, హ్యామర్ టెస్ట్‌లో మాత్రమే ఎర్రర్లు వస్తే కంగారు పడాల్సిన పని లేదు. మామూలు వాడకంలో ఆ పరిస్థితి అరుదు.

నాలుగు పాస్‌లు సున్నాతో దాటితే దృష్టి అప్‌డేట్ల మీదికి మళ్లించండి. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ హిస్టరీ అని వెతికితే ఏ తేదీన ఏ అప్‌డేట్ పడింది, ఏ తేదీ నుంచి క్రాష్‌లు మొదలయ్యాయి అన్నది ఒకే గ్రాఫ్‌లో కనిపిస్తుంది. డ్రైవర్ మీద అనుమానం ఉంటే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ చేయండి, అంటే పాత డ్రైవర్‌కు వెళ్లండి. విండోస్ అప్‌డేట్ అయితే అప్‌డేట్ హిస్టరీలోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. రెండూ ఒకేసారి వద్దు, మళ్లీ దేని తప్పో తేలకుండా పోతుంది. చెడ్డ ర్యామ్ ఉన్నప్పుడు పడిన అప్‌డేట్లయితే, మంచి ర్యామ్ పెట్టాక కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మిన్‌గా తెరిచి పాడైన విండోస్ ఫైళ్లను బాగుచేసే రెండు కమాండ్లు, ముందు డిస్మ్ రీస్టోర్ హెల్త్ (DISM /Online /Cleanup-Image /RestoreHealth), తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్ నౌ (sfc /scannow) నడపండి.

16 జీబీ పెట్టినా తక్కువ కనిపిస్తే టాస్క్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అంకె చూడండి. ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ కొంత తీసుకోవడం మామూలే. సగం పోతే ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig, విండోస్ సెట్టింగ్‌ల టూల్)లో బూట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి మాగ్జిమమ్ మెమరీ దగ్గర టిక్ ఉంటే తీసేయండి.

స్టిక్‌దే తప్పని తేలితే ఎర్రర్లు కనిపిస్తున్న స్క్రీన్‌ను, స్టిక్ మీది సీరియల్ నంబర్‌ను ఫోటో తీసి బిల్లుతో కలిపి ఇవ్వండి. ప్రొఫైల్ ఆపి తీసిన ఫోటో అయితే ఓవర్‌క్లాక్ వల్లే అన్న వాదనకు తావుండదు. కిట్‌గా కొన్నవాళ్లు బాగున్న స్టిక్‌ను కూడా కలిపి జతగానే పంపండి. ఒక్కటే మార్చి తెచ్చుకుంటే పొసగని సమస్య మళ్లీ మొదటికి వస్తుంది.