స్కోర్‌బుక్, 0.7 పెన్సిల్: నాలుగు మారినర్స్ సీజన్లు రాశాక

2022 నుంచి 2025 దాకా అమెరికా బేస్‌బాల్ జట్టు సియాటెల్ మారినర్స్ సొంత మైదానంలో ఆడిన ఆటల్లో చాలా వరకూ, అక్టోబరు ప్లేఆఫ్ (సీజన్ తర్వాతి నాకౌట్) ఆటలైతే ఎక్కడ ఆడినా అన్నీ, చేత్తో రాయడానికి వాడిన పుస్తకం ఇది. స్పైరల్ బైండింగ్, 30 ఆటలకు చోటు. ఎడమ పేజీలో బయటి నుంచి వచ్చిన జట్టు, కుడి పేజీలో సొంత జట్టు. ప్రతి గడిలో డైమండ్ (నాలుగు బేస్‌ల బొమ్మ) లేతగా అచ్చేసి ఉంటుంది, పక్కనే బాల్స్‌కి (పరిధి బయట పడ్డ బంతులు) మూడు, స్ట్రైక్‌లకి (బ్యాటర్ తప్పిన లేదా వదిలేసిన మంచి బంతులు) రెండు బుల్లి పెట్టెలు. ఇన్నింగ్స్‌కి 10 నిలువు వరుసలు, పిచ్చర్లకు (బంతి వేసేవాళ్లకు) కింద 5 అడ్డ వరుసలు. ఈ నమూనాలో దొరికేవన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ఏ కంపెనీదన్నది పెద్ద విషయం కాదు.

ఫోన్‌లో అన్నీ కనిపిస్తుంటే ఈ కాగితం ఎందుకని అడిగేవాళ్లకు 2024 పేజీలు చూపిస్తే చాలు. ఆ ఏడాది జూన్ 18న జట్టు తన డివిజన్‌లో (లీగ్‌లోని జట్ల గుంపు) 10 ఆటల ఆధిక్యంతో ఉంది. నెల తిరిగేసరికి అదంతా కరిగిపోయింది. ఆగస్టు 22న మేనేజర్ స్కాట్ సర్వీస్‌ను తీసేసి డాన్ విల్సన్‌ను పెట్టారు. చివరికి 85 గెలుపులు, 77 ఓటములు. ఒక్క ఆట తేడాతో ప్లేఆఫ్స్ పోయాయి. స్టాండింగ్స్ చూస్తే జట్టు మొత్తం కుప్పకూలినట్టు అనిపిస్తుంది. స్కోర్‌బుక్ తిరగేస్తే అలా ఉండదు. ఎడమ పేజీల్లో, అంటే ప్రత్యర్థి బ్యాటింగ్‌లో, మన స్టార్టర్లు (ఆట మొదలుపెట్టే పిచ్చర్లు) ఆరేడు ఇన్నింగ్స్ నిలకడగా లాగారు. కుడి పేజీల్లోనే వరుసకు వరుస కె, కె, కె: స్ట్రైకౌట్, అంటే మూడు స్ట్రైక్‌లతో ఔట్. నింపిన డైమండ్ (పరుగు గుర్తు) కోసం కళ్లు వెతుక్కోవాలి. ఆ సీజన్‌లో మేజర్ లీగ్‌లో అందరికంటే ఎక్కువసార్లు స్ట్రైకౌట్ అయింది మారినర్స్ బ్యాటర్లే. ఆ పతనం ఎక్కడ మొదలైందో తెలియడానికి పది పేజీలు తిప్పితే సరిపోతుంది.

క్రికెట్ స్కోరు రాసిన అలవాటున్నవాళ్లకు ఒక తేడా ముందే చెప్పాలి. క్రికెట్‌లో బంతిని ఎవరు ఆపారన్నది క్యాచో స్టంపింగో రనౌటో అయితే తప్ప కాగితం మీదికి రాదు. ఇక్కడ ఔట్‌లో చెయ్యి వేసిన ప్రతివాడి అంకే పడాలి. పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ 6, ఎడమ నుంచి కుడికి ఔట్‌ఫీల్డర్లు 7, 8, 9. షార్ట్‌స్టాప్ ఆపి సెకండ్‌కి, అక్కడి నుంచి ఫస్ట్‌కి విసిరితే 6-4-3. కొత్తవాళ్లు తప్పు చేసేది 5, 6 దగ్గర: థర్డ్ 5 అయ్యాక షార్ట్‌స్టాప్ 6. ఇంకొకటి, అంకె నిలబడ్డ చోటుది కాదు, ఆటగాడి స్థానానిది. షార్ట్‌స్టాప్ సెకండ్ బేస్ వెనక్కి జరిగి నిలబడి పట్టినా అది 6 అనే రాయాలి.

స్ట్రైకౌట్‌లో బ్యాట్ ఊపి ఔటయితే మామూలు కె, చూస్తూ నిలబడి ఔటయితే తిరగేసిన కె. దీనికి తోడు ఒక సొంత గుర్తు పెట్టుకోవడం చాలా ఉపయోగం: గట్టిగా కొట్టి దొరికిపోయిన బంతికి అంకె కింద గీత. టి-మొబైల్ పార్క్‌లో ఏప్రిల్, మే రాత్రుల చల్లగాలికి బంతి ముందుకు పోదు. ఇంకో ఊళ్లో గోడ దాటే దెబ్బ ఇక్కడ ఎఫ్8 (మధ్య ఔట్‌ఫీల్డర్ గాల్లో పట్టిన ఔట్) అయిపోతుంది. బ్యాటర్ వరుసలో గీతలున్న ఔట్లు ఎక్కువుంటే కంగారు పడక్కర్లేదు, త్వరలో తేరుకుంటాడు. కె-లు పేరుకుంటే మాత్రం గడ్డుకాలమే.

ఇక లోపాలు. బాల్స్, స్ట్రైక్‌ల పెట్టెలు ఐదే ఉండటం వల్ల రెండు స్ట్రైక్‌ల తర్వాత వచ్చే ఫౌల్స్‌కి (గీత బయటికి పోయిన దెబ్బలకు) చోటు లేదు. గడి అంచున చుక్కలు పెట్టుకోకపోతే పిచ్చర్ వేసిన బంతుల లెక్క తప్పుతుంది. 2023లో పిచ్ క్లాక్ (బంతి వేయడానికి పిచ్చర్‌కిచ్చే గడువు) వచ్చాక రాసే వ్యవధి కూడా తగ్గింది: బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, రన్నర్ ఉంటే మొదట 20, 2024 నుంచి 18. ముందు గడిలో ఫలితం, తర్వాత రన్నర్ల గీతలు, చివర పెట్టెలు. ఈ వరుస తప్పితే తర్వాతి బంతి చేజారుతుంది.

కాగితం పల్చన. 0.5 మొన గుచ్చుకుని వెనక పేజీ మీద గాడి పడుతుంది. 0.7 హెచ్‌బి సరైనది. ఈ మైదానం పైకప్పు మూసినా గొడుగులాంటిదే, పక్కలు తెరిచే ఉంటాయి. అక్టోబరు చెమ్మకు కాగితం మెత్తబడుతుంది, గట్టిగా రబ్బరు వాడితే చిరుగుతుంది. బాల్‌పెన్ వద్దేవద్దు. తీర్పు మారినప్పుడు, అంటే స్కోరర్ హిట్‌ని ఎర్రర్‌గా (ఫీల్డర్ తప్పుగా) మార్చినప్పుడు, దిద్దడానికి దారే ఉండదు.

ఈ పుస్తకంలో అసలు ఇబ్బంది ఆ 10 వరుసలే. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలోనూ ఇవి చాలకపోవచ్చు. ఒకే ఇన్నింగ్స్‌లో పదో బ్యాటర్ వచ్చాడంటే పక్క వరుసలోకి పోవాలి, అక్కడి నుంచి పైన అచ్చేసిన ఇన్నింగ్స్ అంకెలన్నీ కొట్టేసి మార్చుకోవాలి. 2022 అక్టోబరు 15న ఆస్ట్రోస్‌తో ఆట 18 ఇన్నింగ్స్ సాగింది. 17 ఇన్నింగ్స్ సున్నాలే. 18లో ఆస్ట్రోస్ ఆటగాడు జెరెమీ పేన్యా హోమ్ రన్ (గోడ దాటిన దెబ్బ), 1-0. పక్క ఆట పేజీలు వాడుకోక తప్పలేదు.

2025 అక్టోబరు 10, టైగర్స్‌తో ప్లేఆఫ్ సిరీస్ ఐదో ఆట, ఈ పుస్తకం పెట్టే పరీక్షలన్నీ ఒకేసారి పెట్టింది. 15 ఇన్నింగ్స్. మారినర్స్ తరఫున ఏడుగురు పిచ్చర్లు, పుస్తకంలో ఐదు వరుసలు. ఎడ్వర్డ్ బజార్డో, మామూలుగా ఆట మొదలుపెట్టే లూయిస్ కాస్టియోల పేర్లు మార్జిన్‌లో పట్టించాల్సి వచ్చింది. టైగర్స్ పిచ్చర్ తారిక్ స్కూబల్‌కి 13 స్ట్రైకౌట్లు, కుడి పేజీ అంతా కె-లే. 15వ ఇన్నింగ్స్ పేజీ అట్టడుగు వరుసలో మొదలవుతుంది: జె.పి. క్రాఫర్డ్, 1బి (సింగిల్, ఒక బేస్ దెబ్బ). కళ్లు మళ్లీ పైకి: అరోజరేనా, హెచ్‌బిపి (బంతి తగిలినందుకు ఫస్ట్ బేస్). కాల్ రాలీ, ఎఫ్8, క్రాఫర్డ్ గీత మూడో బేస్‌కి. హులియో రోడ్రిగెస్, కావాలని ఇచ్చిన వాక్ (నాలుగు బాల్స్‌కి ఊరికే దక్కే ఫస్ట్ బేస్). పొలాంకో, 1బి. అప్పుడు అడుగున ఆగిపోయిన ఆ డైమండ్‌ని నింపాలి. ఈ నాలుగేళ్ల పుస్తకాల్లో అంత గట్టిగా నల్లబడ్డ గడి ఇంకోటి ఉందంటే 2022 సెప్టెంబరు 30ది. మధ్యలో ఆటగాడు మారినట్టు నిలువు గీత, ఐదు పెట్టెలూ నిండాక నల్లటి డైమండ్: 21 ఏళ్ల ప్లేఆఫ్ కరువు తీర్చిన కాల్ రాలీ పించ్ (మరొకరి బదులు వచ్చి కొట్టిన) హోమ్ రన్.

ప్లేఆఫ్స్‌లో లేని ఒక చిక్కు మామూలు సీజన్‌లో ఉంది. పదో ఇన్నింగ్స్ నుంచి సెకండ్ బేస్ మీద ఊరికే ఒక రన్నర్‌ని పెడతారు. అతని వరుసలో రెండో బేస్ దాకా చుక్కల గీత గీయాలి. అతను చేసిన పరుగు పిచ్చర్ ఖాతాలో అర్న్‌డ్ రన్‌గా (పిచ్చర్ బాధ్యతగా లెక్కించే పరుగు) పడదు. ఆట ముగిశాక లెక్క సరిచూసే సూత్రం కూడా ఇక్కడే తప్పుతుంది. బ్యాటింగ్‌కి వచ్చిన మొత్తం మంది, పరుగులు, బేస్‌ల మీద మిగిలినవాళ్లు, ఔట్లు కలిపిన మొత్తానికి సమానం కావాలి. గెలిచిన సొంత జట్టు తొమ్మిదోది ఆడకపోతే, ఉదాహరణకు, 4 పరుగులు, 8 మిగులు, 24 ఔట్లు కలిసి 36 మంది. అదనపు ఇన్నింగ్స్ ఉంటే ఒక్కోదానికి ఒకటి చొప్పున బ్యాటర్ల వైపు కలపాలి. ఇది తెలియక ఒకటి తేడా వచ్చిందని పేజీ అంతా మళ్లీ వెతికేవాళ్లున్నారు.

2025లో రాలీ వరుస ఒక్కటే తీసి చూసినా ఆ సీజన్ కళ్లకు కడుతుంది. 60 హోమ్ రన్లు, క్యాచర్లలో ఎవరూ అంతకుముందు 48 దాటలేదు. అరవయ్యోది సెప్టెంబరు 24న, 2001 తర్వాత మొదటిసారి డివిజన్ గెలిచిన రాత్రే. దానికి ఐదారు వారాల ముందు తూర్పు తీరంలో తొమ్మిది ఆటలకు రెండే గెలిచారన్నది ఆ పేజీల పక్కన పెట్టి చదవాలి.

ఆ తర్వాత అక్టోబరు 20, టొరంటోలో బ్లూ జేస్‌తో ప్లేఆఫ్ సిరీస్ ఏడో ఆట. మారినర్స్ 3-1తో ముందున్నారు. ఏడో ఇన్నింగ్స్‌లో బ్లూ జేస్ పేజీ అడుగు మూడు వరుసలు: బార్జర్ వాక్, కైనర్-ఫలేఫా 1బి, హిమేనెజ్ సాక్రిఫైస్ బంట్ (తాను ఔటై రన్నర్లను ముందుకు జరిపే మెల్లని దెబ్బ). పిచ్చర్ మారాడని ఎర్ర గీత, బ్రయాన్ వూ బదులు బజార్డో. పై వరుసలో స్ప్రింగర్, హోమ్ రన్. ప్రపంచ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) ఎప్పుడూ ఆడని ఏకైక జట్టు దానికి ఎనిమిది ఔట్ల దూరంలో ఉండగా. ఇక్కడ చాలామంది మూడు పరుగులూ బజార్డో ఖాతాలో వేస్తారు, అది తప్పు. వాక్, సింగిల్ వూ ఇచ్చినవి కాబట్టి రెండు అతనివి, ఒకటే బజార్డోది. ఎర్ర గీత గీయకపోతే ఈ పంపకం తర్వాత తేలదు. అందుకే పుస్తకంతో పాటు ఒక ఎర్ర పెన్సిల్ తప్పనిసరి.

సొంత మైదానం ఆటలు 81, అంటే సీజన్‌కి మూడు పుస్తకాలు. 12 వరుసలది దొరికితే అదే తీసుకోండి, గడి కొంచెం ఇరుకైనా ఫర్వాలేదు. మూడో పుస్తకంలో చివరి తొమ్మిది ఆటల పేజీల్ని ఏప్రిల్‌లోనే క్లిప్పు పెట్టి అక్టోబరుకు వదిలేయండి.