మెకానిక్ స్టెతస్కోపు: నాలుగేళ్ళ వాడకం తర్వాత

2021లో ఆన్‌లైన్‌లో 350 రూపాయలకి కొన్నాను. చూడటానికి డాక్టరు మెడలో వేసుకునేదే. కాకపోతే గుండె మీద ఆనించే బిళ్ళ ఉండాల్సిన చోట చిన్న డబ్బీ, దానికి జానెడు ఇనప కడ్డీ. కడ్డీ కొన ఇంజన్ మీద ఆనిస్తే లోపలి చప్పుడు నేరుగా చెవుల్లోకి వస్తుంది. బ్యాటరీ లేదు, బటన్ లేదు. నా బండి 150 సీసీది, 2017లో కొన్నది, ఇప్పటికి 71 వేల కిలోమీటర్లు తిరిగింది. వారానికి రెండు మూడు సార్లు గుంటూరు నుంచి విజయవాడకి పోయి రావాలి. అందుకని బండి చప్పుడులో ఏ కాస్త తేడా వచ్చినా నాకు టెన్షనే.

కొన్న రోజు చేసిన తెలివితక్కువ పని ముందు చెప్తాను. ఇంజన్ స్టార్ట్ చేసి, కడ్డీ తీసుకెళ్ళి హెడ్ (ఇంజన్ పై భాగం) మీద పెట్టాను. గుండె గుభేల్‌మంది. కుట్టుమిషను, టైపు మిషను పక్కపక్కన పెట్టి ఒకేసారి ఆడిస్తున్నట్టు మోత. ఇంజన్ పోయిందనే అనుకుని మా మెకానిక్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన దాన్ని చెవులకి తగిలించుకుని, అటు పెట్టి, ఇటు పెట్టి విని, తీసి నా చేతిలో పెట్టాడు.

"బండి బానే ఉంది బాబూ. నీకే బాలేదు."

రిపేరుకొచ్చిన ఇంకో బండి, అదే మోడల్, పక్కనే ఉంటే దాని మీద పెట్టి వినిపించాడు. అచ్చం అదే మోత. లోపల వాల్వులు కొట్టుకుంటాయి, వాటిని నడిపే టైమింగ్ చైను తిరుగుతుంది, గేర్లు ఒరుసుకుంటాయి. బాగున్న ఇంజన్ కూడా ఇందులో భయంకరంగానే వినిపిస్తుంది. కాబట్టి ఎవరైనా కొంటే, బండి బాగున్న రోజునే ఒకసారి అంతా విని పెట్టుకోండి: హెడ్ దగ్గర ఎలా ఉంది, క్లచ్ కవర్ మీద ఎలా ఉంది, మ్యాగ్నెట్ కవర్ మీద ఎలా ఉంది. నేను ప్రతి ఆయిల్ మార్పుకీ విని ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. మా ఆవిడ దాన్ని బండి జాతకం అంటుంది.

దీని డబ్బులు వసూలైంది 2022 చలికాలంలో. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టకటకటక. రేస్ ఇస్తే అదీ పెరుగుతుంది. బండి వేడెక్కాక సగానికి తగ్గుతుంది. ఒక షాపులో చూపిస్తే టైమింగ్ చైను అన్నారు, ఇంజన్ దించాలన్నారు, నాలుగు వేల పైమాటే అన్నారు. సరే, ఇంటికొచ్చి స్టెతస్కోపు తీశాను. టైమింగ్ చైను ఉండే వైపు పెడితే నోటుబుక్కులో రాసుకున్నట్టే ఉంది, కొత్తగా ఏం లేదు. వాల్వుల మీదుండే మూత, టాపెట్ కవర్ మీదా అంతే. సైలెన్సర్ బెండు పైపు ఇంజన్‌లోకి దూరే చోటికి దగ్గరవుతున్నకొద్దీ మాత్రం చప్పుడు పదునెక్కుతోంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. కడ్డీ ఊడదీసేసి ఉత్త గొట్టాన్ని ఆ జాయింటుకి కాస్త ఎడంగా పట్టుకుంటే గాలి లీకు వినిపిస్తుంది. ఇనుముకి ఆనించాల్సిన పని లేదు. బండి చల్లగా ఉన్నప్పుడే, స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే వినాలి. ఆలస్యమైతే గొట్టం కాలుతుంది, చెయ్యీ కాలుతుంది. అలా వింటే పఫ్ పఫ్ పఫ్‌మని చెవిలో ఊదినట్టే వచ్చింది. టార్చి వేసి చూస్తే జాయింటు చుట్టూ నల్లటి మసి. జాయింటు లీకవకుండా మధ్యలో పెట్టే గాస్కెట్ పోయింది. ఇంజన్ వేడెక్కి లోహం వ్యాకోచిస్తే ఆ సందు కొంత మూసుకుంటుంది, అందుకే చప్పుడు తగ్గేది. గాస్కెట్ రింగు ఖరీదు యాభై రూపాయలు కూడా కాలేదు.

ఇక దీనితో కాని పని. బండి కదిలితేనే వచ్చే చప్పుళ్ళకి ఇది దండగ. నడుస్తున్న బండి మీద చెవులకి తగిలించుకుని వంగి వినలేం కదా. వెనక చక్రాన్ని తిప్పే చైను తిరుగుతుంటే దాని దగ్గరికైతే కడ్డీ పొరపాటున కూడా పోనివ్వకండి.

2023లో నాకొచ్చిన చప్పుడు అలాంటిదే. 20, 30 స్పీడులో టిక్... టిక్... టిక్. క్లచ్ పట్టి న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపేసినా, బండి దొర్లుతున్నంతసేపూ ఆగడం లేదు. అంటే ఇంజన్‌ది కాదు, చక్రంతో పాటు తిరిగేదేదో. హెల్మెట్‌లోంచి వింటే ట్యాంకు కింద నుంచి వస్తున్నట్టు ఉంది. ఫ్రేము ఇనుమే కాబట్టి ఎక్కడి చప్పుడైనా దాని వెంట పాకి ఇంకెక్కడో పుట్టినట్టు వినిపిస్తుంది. మా కాలనీ చివర గోడౌన్ ప్రహరీ గోడ ఒకటుంది. దాన్ని ఎడమ పక్క ఉంచుకుని ఒకసారి, కుడి పక్క ఉంచుకుని ఒకసారి నడిపాను. చైను ఉన్న ఎడమ వైపు గోడ ఉన్నప్పుడే చప్పుడు గట్టిగా తిరిగొచ్చింది. సగం పని అయింది.

మిగతా సగం సుద్దముక్కతో. వెనక టైరు 100/90-17, ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 1.9 మీటర్లు పోతుంది. వెనక స్ప్రాకెట్‌కి (చైను ఎక్కి తిరిగే పళ్ళ చక్రం) పళ్ళు 42, చైను లింకులు 120. అంటే చక్రం మూడు చుట్లకి కొంచెం తక్కువ తిరిగితే చైను ఒక చుట్టు పూర్తవుతుంది. చక్రం చుట్టుకొకసారి టిక్‌మంటే తప్పు చక్రంలోనో, బ్రేకులోనో, స్ప్రాకెట్‌లోనో. దాదాపు మూడు చుట్లకొకసారి అయితే చైను. తెల్లవారుజామున అయిదింటికి, వీధి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, టైరు మీద సుద్దగీత గీసి బండి తోసుకుంటూ లెక్కపెట్టాను. పాల పాకెట్లకి బయల్దేరిన ఎదురింటి పెద్దాయన ఆగి, "పెట్రోల్ అయిపోయిందా నాయనా?" అన్నాడు. లేదండీ, లెక్కపెడుతున్నాను అన్నాను. ఇంకేం అడగకుండా వెళ్ళిపోయాడు.

మూడు చుట్లకొకసారే వచ్చింది. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి ఉంచి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చూస్తే ఒక లింకు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. స్ప్రాకెట్ దాటాక కూడా అది వంగినచోట వంగినట్టే ఉండిపోతోంది. వానాకాలమంతా తిప్పి చైనుకి ఆయిల్ పెట్టని పాపం నాదే. ఈ కేసులో స్టెతస్కోపు పెట్టెలోంచి బయటికే రాలేదు.

దాని తర్వాతది ఇంకా సిగ్గుచేటు. నాలుగో గేరులో 50 దాటగానే ఎడమ పక్క గిర్రుమని ఒక రొద. తమాషా ఏంటంటే, మా ఆవిడ వెనక కూర్చుంటే రాదు. ఒక్కడినే వెళ్తే వస్తుంది. వెనక బరువు పడితే షాకబ్జార్లు కిందికి దిగుతాయి, చైను బిగుతు మారుతుంది, అందుకే అని రెండు వారాలు సిద్ధాంతాలు అల్లాను. ఒకరోజు మంగళగిరి నుంచి వస్తుంటే ఆమె కాలు సర్దుకోడానికి పైకెత్తింది. గిర్ర్ర్. దించింది, ఆగింది. శారీ గార్డు బోల్టు వదులై ఊగుతోంది. ఆమె కాలు పెట్టుకునే పలక కూడా దానికే ఉంటుంది కాబట్టి, కాలి బరువుకి ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఉంది. పది నంబరు స్పానరు, అర నిమిషం.

చక్రాల బేరింగులకి మాత్రం స్టెతస్కోపు బాగానే పనికొస్తుంది. సెంటర్ స్టాండ్ వేసి, కడ్డీని యాక్సిల్ కొనకి ఆనించి, ఇంకొకరి చేత చక్రం తిప్పించాలి. బాగున్న బేరింగు మెత్తగా సుయ్‌మంటుంది, పాడైపోయినదైతే తిరగలి తిప్పినట్టు గరగరలాడుతుంది. ముందు చక్రానికి అలాగే పట్టుకున్నాను. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే అప్పటికింకా ఆట (వదులు) లేదు కూడా.

వస్తువు సంగతికొస్తే, చెవిలో పెట్టే బుడిపెలు గట్టి ప్లాస్టిక్‌వి, పది నిమిషాలకే నొప్పి పుడుతుంది. మెడికల్ షాపులో మెత్తటివి కొని మార్చాను. డబ్బీ మరలు ఏడాదికోసారి వదులవుతాయి, అప్పుడు అదే ఓ కొత్త చప్పుడు. రబ్బరు గొట్టం ఒక చోట పగిలితే టేపు చుట్టాను. గొట్టం ఎక్కడైనా రాసుకుంటే ఆ చప్పుడు ఇంజన్ చప్పుడుని మింగేస్తుంది.

పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి వినే మెకానిక్కులు మన దగ్గర బోలెడు మంది. మావాడూ అంతే. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు రోగి గుండె వినడానికి మొదట వాడింది చుట్టగా చుట్టిన కాగితమే కాబట్టి, స్క్రూడ్రైవర్‌ని చులకన చేయను. అనుభవమున్న చెవికి అది చాలు. నాలాంటివాడికి రెండు చోట్ల చప్పుడు పోల్చుకోవాలంటే ఇదే నయం. అయిదుకి మూడున్నర ఇస్తాను.

ప్రస్తుతం బండికి ఇంకో చప్పుడు. ముందు బ్రేకు పడితే హ్యాండిల్ దగ్గర టక్. ముందు బ్రేకు పట్టి ఉంచి బండిని ముందుకీ వెనక్కీ ఊపి చూశాను, హ్యాండిల్ కింది జాయింటు దగ్గర వేలు పెడితే ఆట తెలుస్తోంది. కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరగడానికి ఉండే బేరింగులు, పోయింది. ఆదివారం మార్పించాలి. ఆ పనిలో పని స్టెతస్కోపు కూడా తెచ్చుకోవాలి. పోయిన నెల "రెండ్రోజులు ఇయ్యి బాబూ" అని మెకానిక్ తీసుకున్నాడు, ఇంకా ఇవ్వలేదు.