జలుబు పోయాక మిగిలే గొంతు నొప్పికి స్ట్రెప్సిల్స్ ఎంతవరకు?

జలుబు తగ్గినా గొంతు గరగరలాడుతూ, గుటక వేస్తే గుచ్చుకుంటుంటే చాలామంది ముందు కొనేది స్ట్రెప్సిల్స్. నొప్పిని కాసేపు అణచడానికి మంచి బిళ్ళే. కానీ నొప్పి ఎందుకు మిగిలిందో చూడకుండా దీన్నే నమ్ముకుంటే ప్యాకెట్లు అయిపోతాయి తప్ప గొంతు మానదు.

మామూలు రకంలో ఒక్కో బిళ్ళకు 1.2 మిల్లీగ్రాముల డైక్లోరోబెంజైల్ ఆల్కహాల్, 0.6 మిల్లీగ్రాముల అమైల్‌మెటాక్రెసాల్ ఉంటాయి. రెండూ క్రిమినాశకాలే. అయినా జలుబు వైరస్ మన శరీర కణాల లోపల పెరుగుతుంది కాబట్టి, హాయి ఎక్కువగా వచ్చేది వీటి స్వల్పమైన తిమ్మిరి గుణం నుంచీ, నోట్లో ఊరే లాలాజలం నుంచీ. అందుకే కొరికి నమలకండి. 2, 3 గంటలకు ఒకటి చొప్పున నెమ్మదిగా కరగనివ్వాలి. చప్పరించిన వెంటనే నీళ్ళు తాగితే మందు కడిగేసినట్టే. మామూలు రకంలో ఎక్కువ భాగం చక్కెరే. మధుమేహులు చక్కెర లేని రకం చూసుకోవాలి. ఆరేళ్ళలోపు పిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, ఇవ్వకూడదు.

ఇదే పేరుతో 8.75 మిల్లీగ్రాముల ఫ్లర్బిప్రోఫెన్ ఉన్న రకమూ ఉంది. అది వాపు తగ్గించే మందు, పని గట్టిగానే చేస్తుంది. కానీ 3 నుంచి 6 గంటలకు ఒకటి, రోజుకు 5 మించకూడదు, మూడు రోజులు దాటకూడదు. ఒకేచోట ఉంచితే నోరు మండుతుంది, అటూ ఇటూ తిప్పుతుండాలి. కడుపులో పుండ్లున్నవారు, ఆస్పిరిన్‌తో ఆయాసం వచ్చేవారు, నెలలు నిండుతున్న గర్భిణులు ముట్టుకోవద్దు. పేరు చూసి కాదు, వెనకున్న మందు పేరు చదివి కొనండి.

ఇక అసలు కారణం చాలాసార్లు ముక్కులో ఉంటుంది. చీమిడి వెనక నుంచి గొంతులోకి జారుతుంది, ముక్కు దిబ్బడతో రాత్రంతా నోటితో ఊపిరి పీల్చితే గొంతు ఎండిపోతుంది. పొద్దున్నే నొప్పి ఎక్కువై, మధ్యాహ్నానికి తగ్గుతుంటే ఇదే అనుకోవచ్చు. అప్పుడు మరిగించి చల్లార్చిన నీటితో చేసిన ఉప్పు ద్రావణంతో ముక్కు కడగడం ఏ బిళ్ళకన్నా మేలు. ముక్కు దిబ్బడ విప్పే స్ప్రేలను మాత్రం కొద్ది రోజులకే ఆపేయాలి, లేకపోతే దిబ్బడ మళ్ళీ ముదురుతుంది. ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అర టీస్పూను ఉప్పు వేసి పుక్కిలించడమూ మంచిదే. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానాలి, లేకపోతే ఒరిపిడి ఆగదు.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటి, దగ్గు లేకుండా, టాన్సిల్స్ మీద తెల్లని చీము, మెడ గ్రంథుల వాపు ఉంటే స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా కోసం పరీక్ష చేయించాలి. అది తేలితేనే యాంటీబయాటిక్. ఉమ్మి కూడా మింగలేకపోయినా, నోరు తెరుచుకోకపోయినా, ఊపిరాడకపోయినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్ళాలి. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే ఇఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.