రన్‌కి పేరు ఎవరు పెట్టాలి: వాచీయా, మనమా?

ఆదివారం లాంగ్ రన్ అయ్యాక టీ తాగేచోట కొత్తవాళ్లు తరచూ ఇదే అడుగుతున్నారు. “అన్నా, నేను మెల్లగానే పరిగెత్తాను, వాచీ టెంపో అంటోంది. ఏది నమ్మాలి?”

గార్మిన్ వాచీ మనం రన్ ఆపగానే రికవరీ (అలసట తీర్చే మెల్లని పరుగు), బేస్ (తేలికైన పరుగు), టెంపో (కాస్త కష్టపడే పరుగు), థ్రెషోల్డ్ (ఇంకా కష్టమైనది) అంటూ తనే ఒక పేరు పెడుతుంది. ఈ లెక్క ఫస్ట్‌బీట్ అనే ఫిన్లాండ్ సంస్థది. దాన్ని 2020లో గార్మిన్ కొనేసింది. గుండె ఎంత వేగంతో, ఎంతసేపు కొట్టుకుందన్నదే ఇందులో ప్రధానం. పరుగులు నమోదు చేసుకునే స్ట్రావా యాప్‌లో అయితే రేస్, లాంగ్ రన్, వర్కవుట్ అనే ట్యాగుల్లోంచి మనమే ఎంచుకుంటాం.

నా దృష్టిలో తేల్చేది మన ఎండాకాలం. మొన్న మే నెలలో నెక్లెస్ రోడ్డు మీద తెల్లవారుజామున 10 కిలోమీటర్లు చేశాను, కిలోమీటరుకి 7 నిమిషాల చొప్పున. మూడో కిలోమీటరులో గుండె నిమిషానికి 138 సార్లు కొట్టుకుంది, ఎనిమిదో దానికి 156. పేస్ (పరుగు వేగం) మారలేదు, పక్కనున్న మిత్రుడితో కబుర్లూ ఆగలేదు. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది, దాంతో గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. వాచీ దాన్ని టెంపో అంది. అదే దారి, అదే పేస్, డిసెంబరులో అయితే బేస్. గుండె లెక్కతో పేరు పెట్టే ఏ వాచీ అయినా ఇలాగే చేస్తుంది.

సెట్టింగు కూడా చూసుకోవాలి. మ్యాక్స్ హార్ట్ రేట్ (గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం) మనం ఇవ్వకపోతే వాచీ 220లోంచి వయసు తీసేసి వేసుకుంటుంది. ఆ అంకెలో శాతాల్ని బట్టే గుండె వేగాన్ని జోన్లుగా విడదీస్తుంది. నలభై ఏళ్లవాళ్లకి 180 వస్తుంది. నిజంగా 192 ఉన్నవాళ్లు 145తో పరిగెత్తితే మూడో జోన్ కావాల్సింది నాలుగో జోన్‌లో పడుతుంది. పైగా మణికట్టు సెన్సర్ ఒక్కోసారి గుండెను వదిలేసి అడుగుల లయను పట్టుకుంటుంది. హార్ట్ రేట్, కేడెన్స్ (నిమిషానికి వేసే అడుగులు) రెండూ 172 దగ్గరే కదులుతుంటే అనుమానించండి. ఛాతీ పట్టీతో ఈ బాధ చాలావరకు పోతుంది.

పోలార్ కంపెనీ వాచీ కూడా జోన్లలో గడిపిన సమయాన్ని బట్టే పేరు పెడుతుంది, పైన చెప్పిందే దానికీ వర్తిస్తుంది. ఇంటర్వల్స్.ఐసీయూ అనే వెబ్‌సైటు వారం మొత్తం లెక్క చూసుకోవడానికి బాగుంటుంది.

అందుకే నా ఓటు మనం పెట్టుకునే పేరుకే. ఆ రోజు రన్ దేనికోసమో వాచీకి తెలియదు, మనకి తెలుసు. ఒక్క సందర్భంలో మాత్రం వాచీ మాట వినాలి: చల్లని రోజున, సెట్టింగు సరిగ్గా ఉండి కూడా, మీరు ఈజీ అనుకున్న రన్‌ని అది వరసగా టెంపో అంటుంటే నిజంగానే వేగం తగ్గించండి. అలా తగ్గించుకోక మోకాళ్ల నొప్పులతో నెలల తరబడి ఆగిపోయినవాళ్లు మా గ్రూపులోనే ఉన్నారు.

నేను లేసులు కట్టుకునేటప్పుడే ఇవాళ ఏ రన్ అన్నది తేల్చుకుంటాను. ఇంటికొచ్చాక స్ట్రావాలో దాని పేరు రాస్తాను. ఆ మే నెల రన్‌కి “ఈజీ, ఉక్కపోత” అని రాసి ఉంది.