ముందు యాక్సిల్ మార్పించేవాళ్లు జాగ్రత్త: రంగేసిన పాత సామాను, బాది పాడుచేసిన బాల్ జాయింట్

కారు ముందు యాక్సిల్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చి ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ) మార్పించాలనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ కొట్టు, దాన్ని ఆనుకునే ఉన్న షెడ్డు కలిసి నన్ను రెండు రకాలుగా ముంచాయి. పాత యాక్సిల్‌కి నల్ల రంగేసి కొత్తదని అంటగట్టారు. ఊడి రాని బాల్ జాయింట్‌ను (చక్రం భాగాన్ని కింది ఆర్మ్‌కు కలిపే గుండు కీలు) బాది బాది పాడుచేసి, ‘ఇది ముందే పోయింది సార్’ అని ఆ ఖర్చూ నా మీదే వేశారు. మొదటి రకం మోసం గురించి అందరూ వినే ఉంటారు. రెండోదాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు, అసలు చెప్పాలనుకున్నది దాని గురించే. ఆటోనగర్‌లో నిజాయతీగా పనిచేసే మెకానిక్‌లు బోలెడు మంది ఉన్నారు, ఇది వాళ్లను ఉద్దేశించి కాదు.

బండి 2014 స్విఫ్ట్, పెట్రోలు. కుడివైపు స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడు. బయటి సీవీ జాయింట్ (చక్రం పక్కకు తిరిగినా యాక్సిల్ తిప్పగలిగేలా దాని చివరనుండే కీలు) పోయిందనడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు. రబ్బరు బూటు చిరిగి, గ్రీజు బయటికి కొట్టుకుపోయి, లోపలికి దుమ్మూ నీళ్లూ చేరితే లోపలి ఉక్కు గుండ్లు, అవి తిరిగే గాడులు అరిగిపోతాయి. బయటి జాయింట్, బూటు కిట్టు విడిగా కూడా దొరుకుతాయి కాబట్టి అవే అడిగాను. ‘విడిగా వేస్తే ఆగదు సార్, మొత్తం యాక్సిల్ వేసేయండి, ఓఈ క్వాలిటీ, కంపెనీ రేటులో సగానికే’ అన్నారు. ఓఈ అంటే కారు కంపెనీకే సామాను చేసిచ్చే తయారీదారు. ఆ ‘ఓఈ క్వాలిటీ’ అనే మాట వినబడితే అక్కడే ఆగండి. ఏ తయారీదారు ఓఈ అని అడగండి. పేరు చెప్పలేకపోతే ఆ మాటకు అర్థం లేనట్టే.

ఇప్పుడు బాల్ జాయింట్ సంగతి. మేముండేది భీమవరం వైపు. రొయ్యల చెరువులు, ఉప్పునీళ్లు, రోడ్డు పొడవునా నీళ్లు కార్చుకుంటూ పోయే చేపల లారీలు. ఇక్కడ నాలుగేళ్లు తిరిగిన బండి కింద చూస్తే పదేళ్ల తుప్పు కనిపిస్తుంది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ వాళ్లకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. యాక్సిల్ బయటికి రావాలంటే చక్రాన్ని మోసే నకల్‌ను పక్కకు జరపాలి, అందుకు సాధారణంగా లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కింద నుంచి పట్టి ఉంచే చేయి) చివరనున్న బాల్ జాయింట్‌ను విడదీస్తారు. స్విఫ్ట్‌లో ఈ జాయింట్ పిన్ను నకల్‌లోని చీలిక ఉన్న రంధ్రంలోకి దిగుతుంది, అడ్డంగా ఒక బోల్టు దాన్ని బిగించి పట్టుకుంటుంది. ఆ పిన్నుకు మధ్యలో గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచే వెళ్తుంది. అందుకే బోల్టు వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి లాగాలి. షెడ్డు కుర్రాడు నట్టు మాత్రం తీసి, బోల్టు గాడిలో ఉండగానే ఆర్మ్ మీద పెద్ద సుత్తితో దంచడం మొదలుపెట్టాడు. రాదు. ఎలా వస్తుంది? నేను అడిగితే ‘తుప్పు పట్టేసింది సార్’ అన్నాడు. వాళ్ల పెద్దాయన వచ్చి చూసి, బోల్టు తీయించి, అప్పటికీ రాకపోతే గ్యాస్ వెలిగించమన్నాడు.

మంట తగిలాక బాల్ జాయింట్ రబ్బరు ముందు మెరిసింది, తరవాత ముడుచుకుని పగిలింది. లోపలి గ్రీజు నల్లగా కరిగి కింద పరిచిన అట్ట మీదికి కారింది. ఆ నిమిషంతో ఆ జాయింట్ ఆయువు తీరిపోయింది. స్విఫ్ట్‌లో బాల్ జాయింట్ లోయర్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది, అది పోతే మొత్తం ఆర్మ్ మార్చాల్సిందే. సరిగ్గా అదే జరిగింది. పది నిమిషాలకు బిల్లులో కొత్త లైను చేరింది: లోయర్ ఆర్మ్, లేబర్ అదనం. బండి లోపలికి వెళ్లేటప్పుడు ఆ ఆర్మ్‌లో ఏ లూజూ లేదు, మా ఊరి మెకానిక్ అంతకుముందే జాకీ ఎత్తి, ప్రై బార్ వేసి చూసి చెప్పాడు.

పట్టేసిన జాయింట్‌ను తీయడానికి పద్ధతులు లేవా అంటే, ఉన్నాయి. తుప్పు వదిలించే నూనె ముందు రోజే కొట్టి వదిలేయడం. బోల్టు పూర్తిగా తీశాక చీలికలో చిన్న ఉలి గానీ స్ప్రెడర్ గానీ పెట్టి రవ్వంత తెరవడం. ఆ తరవాత ఆర్మ్‌ను పొడుగాటి రాడ్‌తో కిందికి అదమడం. టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీని నకల్‌కు కలిపే జాయింట్) అయితే వేరే సంగతి, అది కోసుగా దిగే పిన్ను. దానికి స్ప్లిట్ పిన్ను తీసి, నట్టును రెండు మూడు మరల మీద ఉంచి, పిన్ను దిగిన రంధ్రం ఉన్న భాగం పక్క మీద సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేస్తే టక్కున వదులుతుంది, లేదంటే పుల్లర్ ఉండనే ఉంది. పిన్ను మర మీద నేరుగా కొడితే మర చెడుతుంది. రెండు కొమ్ముల ఫోర్క్ దోపితే రబ్బరు చిరుగుతుంది, కాబట్టి ఎటూ కొత్త జాయింట్ వేస్తున్నప్పుడే అది వాడాలి. అసలు బాల్ జాయింట్ జోలికే పోకుండా, స్ట్రట్‌ను (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) నకల్‌కు పట్టి ఉంచే రెండు బోల్టులు తీసి నకల్‌ను బయటికి వంచినా చాలా బండ్లలో యాక్సిల్ వచ్చేస్తుంది. తరవాత వీల్ అలైన్‌మెంట్ తప్పదు, కానీ ఆ ఖర్చు ఆర్మ్ ఖర్చు ముందు ఏపాటిది?

అందుకని బండి జాకీ ఎక్కక ముందే షెడ్డువాళ్లను ఈ మాట అడగండి: ‘జాయింట్ రాకపోతే ఏం చేస్తారు, పాడైతే ఎవరు పెట్టుకోవాలి?’ గ్యాస్ మంట పెట్టే ముందు నాకు చెప్పాలి అని గట్టిగా అనండి. జాయింట్ రబ్బరు, ఏబీఎస్ ఉంటే దాని సెన్సార్ వైరు, బ్రేక్ హోస్ ముందే ఫొటో తీసి పెట్టుకోండి. ఫోన్ తీసేసరికి సుత్తి దెబ్బలు కొంచెం మర్యాదగా పడతాయి.

ఇక ఆ యాక్సిల్. వేయించుకుని వచ్చాక టకటక పోయింది, దాని బదులు అరవై దాటి యాక్సిలరేటర్ తొక్కితే స్టీరింగ్, సీటు అన్నీ వణుకు. కాలు తీస్తే ఆగిపోతుంది. ఇది లోపలి జాయింట్ అరుగుదల లక్షణం. పైగా గేర్‌బాక్స్ పక్కన ఆయిల్ చెమ్మ. యాక్సిల్ దోపేటప్పుడు ఆయిల్ సీలు పెదవి కోసుకుపోతే అలాగే కారుతుంది, చూసుకోకపోతే గేర్‌బాక్స్‌కే ఎసరు. మా ఊరి మెకానిక్ అన్న విప్పి, పెట్రోలు గుడ్డతో తుడిస్తే నల్లరంగు గుడ్డకు వచ్చేసింది. కింద తుప్పు తిన్న గుంటలు. జాయింట్ గిన్నె మీద ఉండాల్సిన నంబరు గ్రైండింగ్‌లో అరగదీసేశారు. బూట్లు మాత్రం మిలమిలా కొత్తవి. హబ్ నట్టు (యాక్సిల్ చివరను చక్రం దగ్గర బిగించే నట్టు) పాతదే, వదులవకుండా దాని అంచును నొక్కిన పాత నొక్కు మీదే మళ్లీ నొక్కారు. ఆ నట్టు ప్రతిసారీ కొత్తది వేయాలి, టార్క్ రెంచ్‌తో ఆ మోడల్‌కు చెప్పిన కొలతకే బిగించాలి. వదులుగా ఉంటే వీల్ బేరింగ్ పోతుంది.

రీకండిషన్ చేయడం తప్పేమీ కాదు, అదని చెప్పి ఆ ధరకు అమ్మితే ఎవరికీ పేచీ లేదు. కొనేటప్పుడు గోటితో రంగు గీకి చూడండి, పార్ట్ నంబరు, ఎమ్మార్పీ ఉన్న సీల్డ్ డబ్బా అడగండి. షాఫ్ట్‌ను ఒక చేత్తో కదలకుండా పట్టుకుని రెండో చేత్తో బయటి జాయింట్‌ను అటూ ఇటూ తిప్పండి, లూజు చేతికి తగలకూడదు. పాతదాని పక్కన పెట్టి పొడవు, పళ్ల లెక్క, సీలు కూర్చునే చోటు పోల్చండి. కుడి ఎడమలకు పొడవులు వేరు. పాత యాక్సిల్‌ను మాత్రం అక్కడ వదలొద్దు. ‘స్క్రాప్ సార్, మేం పడేస్తాం’ అంటారు. పడేయరు, రేపు దానికే రంగు పడుతుంది.

బిల్లు విషయం. నాకు మొదట ఇచ్చింది పైన ‘ఎస్టిమేట్’ అని రాసిన చీటీ. దాని మీద కొట్టు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. పట్టుబట్టాక పక్కా బిల్లు ఇచ్చారు, అందులో పన్ను 28 శాతం! 2025 సెప్టెంబరు 22 నుంచి వాహనాల విడి భాగాలకు జీఎస్టీ 18 శాతమే. అదీ దిద్దించుకున్నాను. ఆ పక్కా బిల్లే ఇప్పుడు పనికొస్తోంది. ‘ఫిట్ చేసిన సామాను వాపసు లేదు’ అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన లోపమున్న సరుకు అంటగట్టే హక్కు వాళ్లకు రాదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం మన వైపే ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, చెల్లించిన సొమ్ము అయిదు లక్షల వరకు ఉంటే ఫీజు లేదు.

1915లో నా ఫిర్యాదు నమోదైంది. కొట్టువాళ్లు మరో ‘కొత్త’ యాక్సిల్ ఇస్తామంటున్నారు, నాకు అది వద్దు. యాక్సిల్ డబ్బు, ఆర్మ్ డబ్బు వెనక్కి కావాలన్నాను. జాయింట్ పాడుచేసి ఆర్మ్ ఖర్చు మీ మీద వేసిన షెడ్డు మీకూ తగిలి ఉంటే, ఏ మోడల్, బిల్లులో ఏమని రాశారు అన్నది కింద పెట్టండి. కమిషన్ దాకా వెళ్లాల్సి వస్తే చూపించడానికి ఉంటాయి.