బ్లూ లెటర్ బైబిల్: ‘అస్థెనియా’ అర్థం దీనితో తేలుతుందా?

గ్రీకు రాకపోయినా కొత్త నిబంధనలోని మూలపదం చూడాలనుకునేవాళ్లకు బ్లూ లెటర్ బైబిల్ వెబ్‌సైటు ఉచితంగా దొరికే పనిముట్టు. మాట ఎక్కడెక్కడ ఉందో వెతకడంలో దీనికి వంక పెట్టలేం. అర్థం తేల్చే పని మాత్రం దీనికి అప్పజెప్పకూడదు. ఒకచోట రోగం, ఇంకోచోట బలహీనత అయ్యే గ్రీకు మాట ‘అస్థెనియా’ దగ్గర ఆ తేడా బాగా కనిపిస్తుంది.

యాకోబు 5:14 తెరిచి, వచనం పక్కనున్న టూల్స్ బటన్ నొక్కండి. గ్రీకు మాటలు స్ట్రాంగ్ నంబర్లతో (ఒక్కో మూలపదానికి ఇచ్చిన గుర్తు సంఖ్యలతో) వరుసగా వస్తాయి. తెలుగులో ‘రోగియై’ అన్నచోట ఉన్నది 770, క్రియ. దాని నామవాచకం 769, అదే అస్థెనియా. నంబరు నొక్కితే ఆ మాట వచ్చిన వచనాలన్నీ కిందే ఉంటాయి. లాజరు ‘వ్యాధి’ (యోహాను 11:4), పౌలు ‘బలహీనత’ (2 కొరింథీ 12:9) రెండూ 769 అని తెలుగు బైబిలు ఒక్కటే చదివితే ఎలా తెలుస్తుంది? మత్తయి 4:23లోని ‘వ్యాధి, రోగము’ మాత్రం వేరే మాటలు: నోసోస్, మలకియా. మలకియా మత్తయిలో తప్ప కొత్త నిబంధనలో మరెక్కడా లేదు.

చిక్కు ఆ పేజీ పైభాగంలో ఉంది. కింగ్ జేమ్స్ బైబిలు లెక్క అని ఇన్‌ఫర్మిటీ 17, వీక్‌నెస్ 5, డిసీజ్ 1, సిక్‌నెస్ 1 చూపిస్తుంది. అది 1611 నాటి ఇంగ్లీషు అనువాదకుల ఎంపికల లెక్కే. పైగా ఇన్‌ఫర్మిటీ అన్న మాటే జబ్బుకూ నీరసానికీ రెండింటికీ చెల్లుతుంది, కాబట్టి 17 అన్న అంకె దేన్నీ తేల్చదు.

ఇక ధాతువు: ‘అ’ అంటే లేని, ‘స్థెనోస్’ అంటే బలం. (డాక్టర్లు మయస్థీనియా అనే జబ్బు పేరులో ఉన్నదీ ఇదే.) ఇది పట్టుకుని యాకోబు చెప్పింది ఆత్మీయ నీరసం గురించేనని బోధించేవాళ్లున్నారు. ధాతువే మాటకు అర్థం అయిపోదు, పక్క మాటలు చూడాలి. ఒంటికి సంబంధించని బలహీనత అయితే తరచుగా ఆ సంగతి అక్కడే ఉంటుంది: రోమా 14:1లో ‘విశ్వాసము విషయమై’, 1 కొరింథీ 8లో మనస్సాక్షి. యాకోబు 5:14లో అలాంటిదేమీ లేదు, నూనె రాయడం ఉంది. తర్వాతి వచనంలోని 2577, కామ్నో, హెబ్రీ 12:3లో ‘అలసట’ అయిన మాట నిజమే. అయినా మొగ్గు జబ్బువైపే.

పేజీలో కనిపించే థేయర్ గ్రీకు నిఘంటువు 1889 నాటిది. ఈజిప్టు పాపిరస్ పత్రాల వెలుగులో కొత్త నిబంధన గ్రీకును చదవడం అప్పటికింకా మొదలవలేదు. పాఠం చెప్పేముందు 2000లో డాంకర్ సవరించిన బావర్ నిఘంటువు కూడా చూడండి. అది ఉచితం కాదు, సెమినరీ లైబ్రరీలో అడగాలి.